వంద ఇత్తడి కేసులు, పది వారాలు: నా అనుభవం

జనవరి 27, శనివారం. షూటింగ్ రేంజిలో ఆరో తూటా పెట్టి, దాని వెనక తలుపులా మూసుకునే బోల్టు పిడిని కిందికి వేయబోతే సగంలో ఆగిపోయింది. అరచేతితో బలంగా తోస్తే దిగింది. ఏడోదీ అంతే, ఎనిమిదోదీ అంతే. పదీ పేల్చి 300 మీటర్ల దూరంలోని కాగితం దగ్గరికి వెళ్లి చూశాను. అడ్డంగా అన్నీ దగ్గరదగ్గరగానే పడ్డాయి. నిలువుగా మాత్రం 11 సెంటీమీటర్ల మేర చెదిరి ఉన్నాయి. ఆ రోజు గాలి లేదు. రైఫిల్ మరలన్నీ బిగింపుగానే ఉన్నాయి. తూటాలు మాత్రం నేను ఇంట్లో నింపుకున్నవి.

నాది .308 వించెస్టర్ బోల్టు రైఫిల్. లైసెన్సు, తూటాలు నింపుకోవడానికి కావలసిన అనుమతి రెండూ ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే లాటుకు చెందిన వంద ఇత్తడి కేసులనే ఏడాదిగా మళ్లీ మళ్లీ నింపుతున్నాను. కేసు అంటే పేలుడు మందును, ముందుండే బుల్లెట్‌ను పట్టి ఉంచే డొల్ల, పేలాక మిగిలేది అదే. మా రేంజిలో అందరూ పెద్దాయన అని పిలిచే ఒక షూటరు నా చేతిలోంచి ఖాళీ కేసు తీసుకుని వేళ్ల మధ్య తిప్పి చూశారు.

"మెడ మాత్రమే నొక్కుతున్నావా?" అని అడిగారు.

"అవునండీ, మూడుసార్లూ అంతే" అన్నాను. పేలి ఉబ్బిన కేసును ప్రెస్ అనే పిడి యంత్రంతో డై అనే ఉక్కు అచ్చులోకి తోసి మళ్లీ కొలతకు తేవడాన్నే నొక్కడం అంటాం. రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు ఛాంబర్.

"ఇక ఒళ్లంతా నొక్కాలి బాబూ. ఇత్తడి నీ ఛాంబర్ నిండా పెరిగిపోయింది. మెడ కూడా గట్టిపడిపోయింది. ఈసారి మందు సంగతి పక్కన పెట్టి కేసుల మీద కూర్చో."

కూర్చున్నాను. ఫిబ్రవరి 3న మొదలైన పని ఏప్రిల్ 13న ముగిసింది. ఆ పది వారాల్లో ఏ రోజు ఏం జరిగిందో, ఏ పని కాగితం మీద ఫలితం చూపించిందో, ఏది చూపించలేదో రాస్తున్నాను. మందు తూకాల గురించి ఇక్కడ ఒక్క అంకె కూడా ఉండదు. అది తయారీదారులు ప్రచురించిన పట్టిక చూసి మాత్రమే చేయవలసిన పని.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ పనిలో కొలతలన్నీ అంగుళంలో వెయ్యోవంతుల లెక్కలోనే ఉంటాయి. నేను వెయ్యోవంతు అన్న ప్రతిచోటా అర్థం అదే. కుండకు చెప్పుకున్నట్టే కేసుకూ మూతి, మెడ, భుజం, అడుగు అని చెప్పుకుంటాం.

ఫిబ్రవరి 3 ఉదయం నా వంద కేసులతో పాటు, చేయి తిరగడం కోసం పెద్దాయన ఇచ్చిన మరో అరవై కూడా బల్ల మీద పోశాను. ఆ అరవై నాలుగైదు కంపెనీలవి, చాలావరకు ఆయన రైఫిల్‌లో ఐదారుసార్లు పేలినవి. అడుగున ఉన్న ముద్రల్ని బట్టి వేరు చేసి, మెడల మీద పగుళ్లు వెతికాను. అరవైలో మూడింటికి మెడ నిలువునా చీలి ఉంది. ఆ తర్వాత పేపర్ క్లిప్పు పరీక్ష. క్లిప్పును నిటారుగా సాగదీసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, కేసు లోపలి గోడకు ఆనించి అడుగు నుంచి పైకి మెల్లగా లాగాలి. అడుగుకు కాస్త పైన, ఇత్తడి మందంగా ఉన్న చోటు ముగిసి గోడ మొదలయ్యే దగ్గర, కొక్కెం ఎక్కడైనా గాడిలో పడినట్టు తగిలితే ఆ కేసు లోపలి నుంచి తెగిపోవడం మొదలైందని అర్థం.

నా వందలో ఒక్కటీ తగల్లేదు. పెద్దాయన అరవైలో ఎనిమిది తగిలాయి. నమ్మకం కుదరక ఒకదాన్ని బ్లేడు రంపంతో నిలువునా కోశాను. బయట సన్నగా మెరిసే ఒక ఉంగరం గీత తప్ప ఏమీ కనబడని చోట, లోపల గోడ సగం మందానికి అరిగి ఉంది. ఇంకొక్కసారి పేల్చి ఉంటే కేసు అక్కడే రెండు ముక్కలై, మండే వాయువు బోల్టు వైపు వచ్చేది. ఆ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. వెంటనే ఆయనకు ఫోను చేశాను. కాసేపు ఆయన మాట్లాడలేదు. తర్వాత, "మంచి పని చేశావు. మిగతావి కూడా పేల్చకు, సాధనకే వాడు. నా దగ్గర ఉన్నవన్నీ నేను ఈ రాత్రే చూసుకుంటాను" అన్నారు. పనికిరాని పదకొండు కేసుల మూతుల్ని పట్టకారుతో నలిపేశాను. చెత్తలోంచి తీసి ఎవరూ మళ్లీ నింపకూడదు.

మర్నాడు పాత ప్రైమర్లు, అంటే కేసు అడుగున ఉండి మందును అంటించే చిన్న గిన్నెలు, తీసే పని. వేలికి బరువు తెలియని పని ఇది, గంటన్నరలో అయిపోవాలి. సాధన కేసుల్లో ఇరవై మూడోదాని దగ్గర డై లోపలి సూది టక్కున విరిగింది. టార్చి వేసి కేసులోకి చూస్తే, మధ్యలో ఒక్క రంధ్రం ఉండవలసిన చోట పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలు ఉన్నాయి. అది బెర్డాన్ రకం కేసు. మామూలుగా మనం తిరిగి నింపే బాక్సర్ రకం కాదు. రకరకాల కేసులు కలిసిన కుప్పలో ఇలాంటివి దాక్కుంటాయి కాబట్టి, ప్రెస్ ఎక్కించే ముందే ప్రతిదాని లోపలికీ టార్చి వేసి చూడాలి. ఒక్క చూపు ఆదా చేసుకున్నందుకు కొత్త సూది వచ్చేదాకా ఆరు రోజులు ఆగాను. ఈసారి మూడు తెప్పించుకున్నాను.

కాలిన ప్రైమరు మసిలో సీసం ఉంటుంది. అందుకే నేను పొడి పద్ధతిలో రుద్దకుండా నీళ్ల పద్ధతి ఎంచుకున్నాను. దుమ్ము లేవదు. ఫిబ్రవరి 10న చేతులకు తొడుగులు వేసుకుని, తిరిగే డబ్బాలో కేసులు, నీళ్లు, కొంచెం సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు, సన్నటి ఉక్కు పుల్లలు వేసి మూడు గంటలు తిప్పాను. తీసి చూస్తే బంగారంలా ఉన్నాయి. ప్రైమరు గుంటలు కూడా కొత్తవాటిలా మెరిశాయి. ఆ సంతోషం భూతద్దం పెట్టేదాకానే. మూడు గంటల పాటు ఒకదాన్నొకటి ఢీకొని మూతుల అంచులన్నీ సన్నగా లోపలికి మడత పడ్డాయి. తర్వాత అంచులు కోసేటప్పుడు ఆ మడత పోయింది కానీ, తర్వాతి విడతకు నలభై నిమిషాలే తిప్పాను. శుభ్రతలో తేడా లేదు.

ఇంకో రెండు సంగతులు. ఉక్కు పుల్లలు కేసులోనే ఉండిపోతాయి. మెడలో అడ్డంగా ఇరుక్కున్నవి నాలుగు, అడుగు రంధ్రంలో నిలబడ్డవి రెండు దొరికాయి. ప్రతి కేసునూ తలకిందులు చేసి తట్టి, వెలుతురుకు పెట్టి చూడక తప్పదు. ఆ నల్లటి నీళ్లను వంటింటి సింకులో పోయకూడదు. నేను డబ్బాలో పట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చాను. వంట ఓవెన్‌లో కేసులు ఆరబెట్టడమూ అంతే కూడనిది. గుడ్డ మీద పరిచి రెండు రోజులు ఆరనిచ్చి, అయిపోయిందనుకుని ఒకదాన్ని విదిలిస్తే బల్ల మీద నీటి చుక్క పడింది. మళ్లీ ఫ్యాను కింద ఇంకో రెండు రోజులు.

ఆ మధ్యలోనే ఒక పొరపాటు తప్పిపోయింది. కొన్ని కేసుల మీద ఎర్రటి మచ్చలు మిగిలితే, అద్దాలు తుడిచే ద్రవంతో రుద్దుదామని సీసా తెరిచాను. దాని మీద అమోనియా అని రాసి ఉంది. ఆ పదం చూడగానే ఎప్పుడో చదివింది గుర్తుకొచ్చి ఆగాను. బ్రిటిషు పాలన కాలంలో భారతదేశంలో సైన్యం వానాకాలమంతా తూటాల్ని గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానలు వెలిశాక తీసి చూస్తే కేసులు పగిలి ఉండేవి, అందుకే దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, ఇత్తడిలో అప్పటికే ఉన్న బిగువు కలిసి ఆ పగుళ్లు తెస్తున్నాయని 1921లో తేల్చారు. నా కేసుల మెడల్లోనూ అదే బిగువు ఉంది. సీసా మూత పెట్టేశాను. మచ్చలు అలాగే ఉన్నాయి, వాటివల్ల ఏ నష్టమూ లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టింది అనీలింగ్, అంటే ఇత్తడిని వేడి చేసి మెత్తబరచడం. కేసు ఇత్తడిలో 70 వంతులు రాగి, 30 వంతులు జింకు. పేలినప్పుడల్లా సాగి, డైలో నొక్కినప్పుడల్లా కుదించుకుని, ఆ లోహం గట్టిపడుతూ వస్తుంది. గట్టిపడిన మెడ నొక్కినా పూర్తిగా నొక్కుడు పడదు, స్ప్రింగులా వెనక్కి వస్తుంది. ఒక్కో కేసు ఒక్కోలా వస్తుంది. మెడ, భుజాలను వేడి చేసి మళ్లీ మెత్తబరచాలి. అదే వేడి అడుగుకు తగిలి అది మెత్తబడితే మాత్రం ప్రమాదం. ఈ తూటాకు పరిశ్రమ ప్రమాణాలు పెట్టిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌన్లు. దాన్ని అడుగు గట్టిదనమే తట్టుకోవాలి. చేసేది ఖాళీ కేసులకు మాత్రమే, అదీ ప్రైమరు తీసేసిన వాటికే. మందు, ప్రైమర్లు ఆ గదిలోనే లేకుండా చూసుకున్నాను.

ఫిబ్రవరి 17 సాయంత్రం గది చీకటి చేసి, కిటికీ తెరిచి, గ్యాస్ టార్చి వెలిగించాను. డ్రిల్లుకు ఒక గిన్నెలాంటి సాకెట్టు బిగించి, అందులో కేసు నిలబెట్టి, మెల్లగా తిప్పుతూ మంటను మెడ, భుజం కలిసే చోట పట్టాలి. మొదటి ఐదు సాధన కేసులను మెడ నారింజ రంగుకు వచ్చేదాకా ఉంచాను. చల్లారాక పట్టకారుతో కొంచెం నొక్కితే మెడ నొక్కిన చోటే ఉండిపోయింది, తిరిగి రాలేదు. అంత మెత్తబడిన మెడకు బుల్లెట్‌ను పట్టి ఉంచే శక్తి ఉండదు. ఐదూ నలిపేశాను.

అప్పుడు వేడిని చూపే రంగు తెప్పించాను. వారం ఆగాల్సి వచ్చింది. మెడ లోపల సుమారు 400 సెల్సియస్ దగ్గర కరిగే రంగు, భుజం కింద నడుము మీద సుమారు 230 దగ్గర కరిగే రంగు పూయాలి. మొదటిది కరగాలి, రెండోది కరగకూడదు. ఫిబ్రవరి 24న పది సాధన కేసుల మీద ప్రయత్నించాక నా మంటకు, నేను పట్టిన దూరానికి ఆరు సెకన్లు అని తేలింది. ఇంకొకరి మంటకు ఈ అంకె పనికిరాదు, ఎవరి రంగు వారు పూసి చూసుకోవాల్సిందే. ఫోనులో సెకనుకొక టిక్కు పెట్టుకుని, నా వందలో ఎనభై కేసులను ఒక్కొక్కటే ఆరు టిక్కులు తిప్పి ఇనుప పళ్లెంలో వేశాను. నీళ్లలో వేయనక్కర్లేదు. గబుక్కున చల్లారితే ఉక్కు గట్టిపడినట్టు ఇత్తడి గట్టిపడదు. నీళ్లలో వేస్తే మళ్లీ ఆరబెట్టుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. మిగతా ఇరవైని పోలిక కోసం కావాలనే పక్కన పెట్టాను. ఆ ఇరవై లేకపోతే చివర్లో నాకేమీ తెలిసేది కాదు.

మార్చి 2న ఒళ్లంతా నొక్కే డై బిగించాను. డైతో వచ్చిన కాగితం చెప్పేది సులువు: డైను కేసు పట్టుకునే హోల్డరుకు తగిలేదాకా దించి, ఇంకాస్త తిప్పి బిగించమంటుంది. అలాగే చేసి, అడుగు నుంచి భుజం దాకా కొలిచే కంపారేటరుతో ఒక కేసును నొక్కకముందూ నొక్కాకా కొలిచాను. భుజం ఏడు వెయ్యోవంతులు వెనక్కి పోయింది. నా రైఫిల్‌కు కావలసింది ఒకటి, రెండు మాత్రమే. అంత వెనక్కి తోస్తే, పేలిన ప్రతిసారీ కేసు ఆ ఖాళీని నింపడానికి సాగుతుంది. సాగేది అడుగుకు పైన ఉన్న ఆ చోటే. పెద్దాయన కేసుల్లోని గాడులు ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు అర్థమైంది. ఆయన ఇన్నేళ్లుగా ఆ కాగితం ప్రకారమే చేస్తున్నారు.

డైను పైకి తిప్పి కొలుస్తూ, మళ్లీ తిప్పి కొలుస్తూ, తొమ్మిదో ప్రయత్నంలో రెండు వెయ్యోవంతులకు తెచ్చాను. బోల్టులోంచి ఫైరింగ్ పిన్ తీసేసి ఆ ఖాళీ కేసును ఛాంబర్‌లో పెడితే, బోల్టు పిడి తన బరువుతోనే కిందికి వాలింది. జనవరిలో అరచేయి నొప్పి పుట్టిన బోల్టే అది.

ఆ ఉత్సాహంలో తొందరపడ్డాను. లానోలిన్‌ను ఆల్కహాలులో కలిపిన నూనె కేసుల మీద చల్లి, ఆల్కహాలు ఆవిరయ్యేదాకా ఆగకుండానే నొక్కడం మొదలుపెట్టాను. పన్నెండో కేసు లోపలికి వెళ్లింది, బయటికి రాలేదు. ప్రెస్ పిడి పట్టుకుని ఇంకాస్త బలం పెట్టాను. అంచు చిరిగి హోల్డరు మాత్రం జారి వచ్చింది, కేసు డైలోనే బిగుసుకుపోయింది. ఇలా జరిగినప్పుడు ఆగిపోవడమే సరైన పని. నేను ఇంకో గంట దానితో పెనుగులాడి చేతులు కాయలు కాయించుకున్నాను, అంతకుమించి ఏమీ సాధించలేదు. ఆ రాత్రి డై పాడైపోయిందనే అనుకున్నాను, నిద్ర పట్టలేదు.

ఇరుక్కున్న కేసు తీసే పరికరం మార్చి 6న వచ్చింది. అడుగు మధ్యలో డ్రిల్లుతో తొలిచి, మరచుట్లు కోసి, మర బోల్టు ఎక్కించి, రెంచితో మెల్లగా బిగిస్తూ పోతే కేసు దానంతట అది బయటికి వస్తుంది. నలభై నిమిషాలు పట్టింది. వదిలేటప్పుడు వచ్చిన ఠప్పుమన్న చప్పుడుకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. లోపలికి టార్చి వేసి చూస్తే గీతలేమీ పడలేదు. ఆ తర్వాత నూనె చల్లిన ప్రతిసారీ పదిహేను నిమిషాలు గడియారం చూసుకుని ఆగుతున్నాను. మరొకటి ఇరుక్కోలేదు. నూనె ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి, అవి రెండు మూడింటికి పడ్డాయి కానీ అంత లోతైనవి కావు.

నొక్కడం పూర్తయ్యాక కొలిచినప్పుడు నాకు మొదటి నిజమైన ఫలితం కనబడింది. వేడి చేయని ఇరవై కేసుల్లో భుజం కొలత నాలుగు వెయ్యోవంతుల మేర అటూ ఇటూ తిరిగింది. వేడి చేసిన వాటిలో ఒక్క వెయ్యోవంతు. డై ఒకటే, చేయి ఒకటే, నూనె ఒకటే. అన్నింటికీ పిడిని కిందికి దించి నాలుగు సెకన్లు అలాగే పట్టి ఉంచాను. తేడా అంతా ఆ ఆరు సెకన్ల మంటదే. కాలిపరును బల్ల మీద పెట్టి గదిలో అటూ ఇటూ నడిచాను, ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇంట్లోవాళ్లకు చెబితే ఓపిగ్గా విన్నారు.

మార్చి 9, 10 తేదీలు పొడవు కోయడానికి పోయాయి. ఈ కేసు పొడవు 2.015 అంగుళాలు మించకూడదు. కోసేటప్పుడు 2.005కు కోస్తారు. మించితే మూతి ఛాంబర్ చివర ఆనుకుని బుల్లెట్‌ను గట్టిగా పట్టేస్తుంది, పీడనం ఒక్కసారిగా పెరిగిపోతుంది. పొడవు కొలవాల్సింది నొక్కాకే, ఎందుకంటే నొక్కినప్పుడు ఇత్తడి ముందుకు సాగుతుంది. నూనె కడిగి, ఆరబెట్టి, చేత్తో తిప్పే పరికరంతో 99 కేసులు కోశాను. తర్వాత ప్రతి మూతికీ లోపల ఒకసారి, బయట ఒకసారి అంచు గీయాలి. చెప్పుకోవడానికి రెండు తిప్పులే, 99 కేసులకు కలిపితే మణికట్టు వాచింది. మూడు రోజులు ఏ పనీ ముట్టుకోలేదు. మొత్తం పనిలో డబ్బు పెట్టి యంత్రం కొనదగ్గది ఏదైనా ఉంటే అది ఇక్కడే. నేను మొదట ఇంకోచోట పెట్టాను, అది ఇప్పుడు చెబుతాను.

అంతకుముందు ప్రైమరు గుంటలు. త్వరగా అయిపోయింది. అడుగు రంధ్రం లోపలి వైపు పొడిచినప్పుడు మిగిలిన అంచు పద్నాలుగు కేసుల్లోనే ఉంది, గీసేశాను. కేసు జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు.

పరికరాల మీద నేను పెట్టిన ఖర్చులో సగం మెడ చెక్కే పరికరానికి పోయింది. మెడ గోడ మందం చుట్టూ ఒకేలా ఉండదు, నా కేసుల్లో వెయ్యోవంతున్నర దాకా తేడా ఉంది. బయటి నుంచి సన్నగా చెక్కి సమం చేస్తే బుల్లెట్ నడిమధ్యన కూర్చుంటుందన్నది లెక్క. మార్చి 16 నుంచి 23 దాకా మూడు సాయంత్రాలు కూర్చుని 22 కేసులు చెక్కాను. ఐదు గంటలు. రెండింటిలో కత్తి భుజంలోకి దిగి గోడ పలచబడింది, పారేశాను. మిగిలిన ఇరవై ఎంత అందంగా ఉన్నాయంటే వాటిని చూస్తూనే గెలిచినట్టు అనిపించింది. చుట్టూ ఎక్కడ కొలిచినా మైక్రోమీటరు ముల్లు కదలదు.

మార్చి 24న వేడి చేసినవాటిలో మిగతా 57 కేసులను తూచి బరువుల వారీగా పేర్చాను. బరువులో దగ్గరగా ఉన్న ఇరవైని ఒక జట్టుగా తీశాను. అనుమానం వచ్చి, అన్నింటికన్నా బరువైన ఐదు, తేలికైన ఐదు తీసుకుని, గుంటలో పాత ప్రైమరు బిగించి, మూతి దాకా నీళ్లు నింపి తూచాను. బరువైన కేసు గోడ మందంగా ఉండి లోపల చోటు తక్కువ ఉండాలి కదా. అలా లేదు. బరువైనవాటిలో రెండింటికి తేలికైనవాటి కన్నా ఎక్కువ నీళ్లు పట్టాయి. ఆ బరువు లోపలి గోడలో లేదు, అడుగు అంచులోనూ దాని పక్కన కోసిన గాడిలోనూ ఉంది. అక్కడ కొంత లోహం ఎక్కువైనా తక్కువైనా మందు మండే చోటుకు సంబంధం లేదు.

మార్చి 30న చివరి పని. వేడి చేసిన కేసులన్నింటి మెడల్నీ మాండ్రెల్ అనే నున్నటి ఉక్కు కడ్డీతో లోపలి నుంచి ఒకే కొలతకు విప్పాను, బుల్లెట్ వ్యాసం కన్నా రెండు వెయ్యోవంతులు తక్కువ ఉండేలా. కడిగిన మెడ లోపల మరీ పొడిగా ఉండి మాండ్రెల్ కీచుమంటే, కాస్త గ్రాఫైటు పొడి అద్దాను. పోలిక కోసం ఉంచిన ఇరవైకి మాత్రం డైలో ఉండే మామూలు గుండీయే మెడను విప్పింది. అది పైకి వచ్చేటప్పుడు మెడను కొంచెం పక్కకు లాగుతుంది. తూటాలు నింపాక దొర్లించి కొలిస్తే వాటిలో బుల్లెట్ సగటున నాలుగు వెయ్యోవంతులు ఊగింది, మాండ్రెల్ వాటిలో రెండు కన్నా తక్కువ. బుల్లెట్ దించేటప్పుడు ప్రెస్ పిడి మీదే ఆ తేడా చేతికి తెలిసింది. గుండీతో విప్పిన వాటిలో ఒకటి గట్టిగా, ఒకటి జారుడుగా వెళ్లాయి. మాండ్రెల్ వాటిలో అన్నీ ఒకేలా దిగాయి.

ఏప్రిల్ 6న రేంజికి నాలుగు డబ్బాలు తీసుకువెళ్లాను. మొదటిది వేడి చేయనిది. రెండోది వేడి చేసి మాండ్రెల్ పట్టినది. మూడోది దాంతో పాటు మెడ చెక్కినది. నాలుగోది మెడ చెక్కకుండా, రెండోదానిలాగే చేసి బరువు చూసి ఏరినది. ఒకే ప్రైమరు లాటు, ఒకే మందు, ఒకే బుల్లెట్. గొట్టం వేడెక్కడం ఒకే డబ్బా మీద పడకుండా ఒక్కో డబ్బా నుంచి ఒక్కొక్కటి చొప్పున వంతులవారీగా పేల్చి, ఒక్కో డబ్బాకు ఒక్కో కాగితం మీద పది చొప్పున పూర్తి చేశాను. వేగం కొలిచే యంత్రం పక్కనే పెట్టాను. పది తూటాలతో తీర్పు చెప్పకూడదని, ఏప్రిల్ 13న మిగతా పదేసితో మళ్లీ అదే చేశాను.

రెండు రోజుల సగటు ఇది. 300 మీటర్ల దగ్గర మొదటి డబ్బా నిలువు చెదురు 98 మిల్లీమీటర్లు. రెండోది 66. మూడోది 63. నాలుగోది 68. వేగంలో ప్రామాణిక విచలనం, అంటే తూటా తూటాకూ వచ్చే హెచ్చుతగ్గు, మొదటిదానికి సెకనుకు 4.3 మీటర్లు, మిగతా మూడింటికీ రెండున్నర దగ్గరే. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఉన్న దూరం రెండు రోజులూ నిలిచింది. రెండు, మూడు, నాలుగు మాత్రం మొదటి రోజు ఒక వరుసలో, రెండో రోజు ఇంకో వరుసలో వచ్చాయి. అంటే వాటి మధ్య నా రైఫిల్, నా చేయి చూపగలిగిన తేడా ఏమీ లేదు. అందమైన ఆ ఇరవై మెడల కాగితాన్ని పదేపదే కొలిచాను. ఎన్నిసార్లు కొలిచినా అంకె మారలేదు.

మొత్తం 42 గంటలు పట్టింది. అందులో మెడ చెక్కడానికి, తూచడానికి పోయినవి తొమ్మిది. బిగుతైన ప్రత్యేక ఛాంబర్ ఉన్న రైఫిళ్లకు మెడ చెక్కక తప్పదు, అది వేరే సంగతి. నాది మామూలు ఫ్యాక్టరీ ఛాంబర్. ఆ పరికరాన్ని నూనె రాసి పెట్టెలో పెట్టేశాను. ఇకనుంచి ప్రతి విడతకూ వేడి చేయడం, రెండు వెయ్యోవంతులే నొక్కడం, మాండ్రెల్, పొడవు, పేపర్ క్లిప్పు. వచ్చే నెల పొడవు కోసే యంత్రం కొంటాను, మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

13వ తేదీ సాయంత్రం పెద్దాయన నాలుగు కాగితాలూ కారు బానెట్ మీద పరిచి, కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. రెండో కాగితం దగ్గర ఆగి, "ఆ కొలిచేది ఒకసారి ఇస్తావా? నా డై ఎంత కిందికి ఉందో చూసుకోవాలి" అన్నారు. కంపారేటరు, కాలిపరు రెండూ డబ్బాతో సహా ఇచ్చాను. ఆదివారం పొద్దున పేల్చిన ఎనభై కేసుల్లోనూ మళ్లీ పేపర్ క్లిప్పు తిప్పాను. ఒక్కదానిలోనూ గాడి తగల్లేదు. ఎన్నిసార్లు నింపానో గుర్తుగా డబ్బా మూత మీద రాసుకున్న మూడు కొట్టేసి నాలుగు అని రాశాను.